సుగ్గికి పోయిన పిల్లలు, ఒంటిపూట బడి, ఒక నీడ కర్ర

సంక్రాంతి పోయిన రెండు మూడు వారాలకు మా బడి ఉన్న ఊళ్లో రాత్రిపూట బండ్లు కదులుతాయి. నేను ఆదోని నుంచి రోజూ వచ్చి పోయేదాన్ని కాబట్టి ఆ బండ్లు కదలడం కళ్లారా చూసింది రెండుసార్లే. మామూలుగా నాకు సంగతి తెలిసేది మర్నాడు పొద్దున ప్రార్థన దగ్గర. మూడో తరగతి వరుస ఉన్నట్టుండి పొట్టిదైపోయి ఉంటుంది. "ఏరీ మిగతావాళ్లు?" అంటే ఉన్నవాళ్లు నిన్న సంతకు పోయినారు అన్నంత మామూలుగా చెబుతారు, "సుగ్గికి పోయినారు మేడమ్."

సుగ్గి అంటే ఏమిటో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద, ఆలూరు, ఈ పడమటి కర్నూలు మండలాల్లో అందరూ వాడే మాట. కన్నడంలో పంట కోతల కాలాన్ని సుగ్గి అంటారు, సరిహద్దు ఊళ్లు కాబట్టి మా తెలుగులోకీ వచ్చేసింది, వచ్చాక ఇక్కడ దాని అర్థం వలస అని స్థిరపడిపోయింది. వాన మీద ఆధారపడ్డ చేలు, పత్తి ఏరడం అయిపోయాక ఊళ్లో చేతికి పని దొరకదు. సరిగ్గా అప్పుడే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో, అటు తెలంగాణలో ఖమ్మం వైపు మిరప కోతలు ఊపందుకుంటాయి. కూలీలను కూడగట్టి తీసుకుపోయే మేస్త్రీ అడ్వాన్స్ ఇస్తాడు. జొన్నపిండి మూటలు, గిన్నెలు, దుప్పట్లు బండికెక్కుతాయి, వాటి మధ్యలో పిల్లలు కూర్చుంటారు. అక్కడ పొలం పక్కన పట్టా కప్పిన గుడారం. పెద్దవాళ్లు కాయ కోస్తుంటే ఎనిమిదేళ్ల పిల్ల రెండేళ్ల తమ్ముణ్ణి చూసుకుంటుంది, పదేళ్ల పిల్లాడు తనూ రెండు సాళ్లు కోస్తాడు.

మాది చిన్న బడి. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, ఇద్దరు టీచర్లం, పోయిన ఏడాది స్ట్రెంత్ 43. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలకు ఇద్దరు టీచర్లు, ఆ లెక్కన మాకు లోటేమీ లేదు. రెండు గదులు, ముందు వరండా, ఒక పెద్ద వేపచెట్టు. నాడు-నేడు పనుల్లో ఫ్యాన్లు, బెంచీలు వచ్చాయి. ఈ పోస్టు రాయడానికి కారణం హాజరు. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏ మీటింగుకి వెళ్లినా ఈ ఒక్క మాటే, "మీ హాజరు శాతం ఎందుకింత తక్కువ?"

ఒక మీటింగులో నన్ను లేపి నిలబెట్టారు. ఎవరు, ఎక్కడ అన్నది ఇక్కడ రాయను, అది నాకు ముఖ్యం కాదు. ఆ రోజు నా బడి హాజరు 60 శాతం. 43 మందిలో 26 మంది వచ్చారు. "సగం బడి ఖాళీగా ఉంటే మీరు ఏం చేస్తున్నారు?" అని అడిగారు. నాకు గొంతు పట్టేసింది, జవాబు రాలేదు. ఇంటికి వచ్చాక రాత్రి రిజిస్టర్ ఫోటోలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. 14 మంది ఊళ్లోనే లేరు. ఊళ్లో ఉన్నది 29 మంది. ఆ 29 మందిలో 26 మంది వచ్చారు, అంటే 90 శాతం. మార్చి నెల ఎండలో, ఒంటిపూట బడికి, ఊళ్లో ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది వచ్చారు. నేను మీటింగులో చెప్పాల్సింది ఇదే, కానీ నా రిజిస్టర్లో అది కనిపించదు. సుగ్గికి పోయిన పిల్లకూ ఎర్ర ఇంకే, ఇంట్లో ఉండి రాని పిల్లకూ ఎర్ర ఇంకే. హాజరు వేసే యాప్‌లోనూ అంతే, వచ్చారా రాలేదా, రెండే.

ఆ మర్నాటి నుంచి నా సొంత నోటుపుస్తకంలో వేరే లెక్క మొదలుపెట్టాను. ఊళ్లో ఉండి రానివాళ్లకు ఎరుపు. ఊళ్లో లేనివాళ్లకు పచ్చ ఇంకు, పక్కన ఎక్కడికి పోయారో ఊరి పేరు, తండ్రి ఫోన్ నంబరు. చేసింది ఇంతే, కానీ రెండు వారాలు రాసేసరికి నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఎరుపూ పచ్చా రెండు వేర్వేరు రోగాలు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

ముందు ఎరుపు సంగతి చెబుతాను, అది మా చేతిలో ఉన్నది.

ఒంటిపూట బడులంటే మా దగ్గర ఏటా మార్చి మధ్యలో మొదలు. 2025లో మార్చి 15 నుంచి, పొద్దున 7.45 నుంచి 12.30 దాకా. చాలా ఇళ్లల్లో ఒంటిపూట అనేసరికి "ఇంక బడి అయిపోయినట్లే" అనే లెక్క వచ్చేస్తుంది. నిజం చెప్పాలంటే టీచర్లలోనూ వస్తుంది, సిలబస్ అయిపోయింది, ఏప్రిల్ పరీక్షలకు రివిజన్ చేయిస్తే సరి అని. పిల్లలకు ఇది ఇట్టే తెలిసిపోతుంది. టీచర్ చివరి పాఠం చెప్పేసి పాత ప్రశ్నలే మళ్లీ మళ్లీ రాయిస్తుంటే, మేకల వెంట పోవడమే బాగుంటుంది అని ఎనిమిదేళ్ల పిల్లాడికి అనిపిస్తే వాణ్ణి ఏమనగలం?

నా ఎరుపు లెక్కలో తేలిన కారణాలు ఇవి. పొద్దున ఏడుంబావుకల్లా తల్లి కూలికి పోతుంది, చంటిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల ఆగిపోతుంది. రాత్రి ఉక్కపోతకు మిద్దె మీద పడుకుని పొద్దున లేవలేకపోతారు. పెళ్లిళ్లు, జాతర్లు. ఆ ఏడాది మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాన్, ఆ వారం మొత్తం అటూ ఇటూ చుట్టాల ఇళ్లే. ఇంకొకటి కూడా ఉంది, దీన్ని నేను ముందు నమ్మలేదు: మంగళ, గురు, శనివారాల్లో హాజరు కొంచెం ఎక్కువ. ఆ మూడు రోజులు రాగిజావ. మిగతా రోజుల్లో చిక్కీ ఇస్తాం, అది పిల్లలకు ఇష్టమే, కానీ జావ పొద్దున్నే ఇస్తాం కదా, ఏమీ తినకుండా వచ్చే పిల్లకు 7.45కి కడుపులో వేడిగా ఏదో పడుతుందనే నమ్మకం ఉంటే కాళ్లు బడివైపు నడుస్తాయి. ఈ మాట నాకు చెప్పింది మా వంట చేసే అక్క. "మేడమ్, మీరు పాఠం లెక్క సూసుకుంటారు, నేను గ్లాసుల లెక్క సూసుకుంటా" అంది. అప్పటినుంచి ఇద్దరం కలిపి చూసుకుంటున్నాం.

చంటిబిడ్డల సంగతి తేలిగ్గానే పరిష్కారమైంది. తమ్ముణ్ణో చెల్లెల్నో వెంటబెట్టుకుని రమ్మన్నాం. వరండాలో ఒక చాప, కొన్ని పాత బొమ్మలు, ఆయమ్మ ఒక కన్ను వేసి ఉంచుతుంది. పక్కన అంగన్‌వాడీ ఉంది కానీ అది తెరిచేది మా బడి మొదలయ్యాకే. చంటిపిల్లలు ఏడుస్తారు, పాఠం మధ్యలో లేవాల్సి వస్తుంది, నిజమే. అయినా ఐదో తరగతి ఆడపిల్లలు ముగ్గురు ఆ ఒక్క చాపతో బడికి తిరిగొచ్చారు.

ఇక పొద్దున మొదటి గంట. ఏడేళ్లుగా నేను గమనించింది ఒక్కటే. పిల్లకు బడిలో తనకంటూ ఒక పని ఉండాలి, తను రాకపోతే ఆ పని ఆగిపోతుందని దానికి తెలియాలి. ప్రార్థన అవగానే గదుల్లోకి పోము. వేపచెట్టు కిందనే అరగంట పుస్తకాలు. ఐదో తరగతి పిల్ల ఒకరు, ఒకటో తరగతి పిల్ల ఒకరు, జంటగా. పెద్దది చదివి వినిపించాలి, చిన్నది బొమ్మ చూసి కథ తిరిగి చెప్పాలి. ఈ జంటలు ఏప్రిల్ దాకా మారవు. దీనివల్ల జరిగిందేమిటంటే, ఒకటో తరగతి పాప ఒకతి తన జంట అక్క రాకపోతే ఏడుస్తూ ఆ ఇంటికే పోయి పిలుచుకొచ్చేది. నేను ఎంతమంది ఇళ్లకు తిరిగినా ఆ పాప చేసినంత పని చేయలేకపోయాను.

మొక్కలకూ అంతే. ప్రహరీ పొడుగునా వేప, కానుగ, గన్నేరు, మొత్తం ఇరవైకి పైగా మొక్కలు, ఒక్కో మొక్కకు ఇద్దరు యజమానులు. పక్షులకు కుండ పెంకుల్లో నీళ్లు పోయడం రెండో తరగతి వాళ్ల వంతు. ఎండలకు నీళ్ల గంట కొడుతున్నాం కదా, పిల్లలు గుర్తుపెట్టుకుని నీళ్లు తాగడానికి, ఆ గంట కొట్టేదీ పిల్లలే, వారానికి ఒకరు. గంట వంతు వచ్చిన వారం ఏ పిల్లా ఒక్కరోజు కూడా మానలేదు, నేను రాసుకున్నాను, ఒక్కరు కూడా.

ఎక్కువ చెప్పాలనిపించేది మాత్రం నీడ కర్ర గురించి.

బడి ముందు ఖాళీ జాగాలో వెదురు కర్ర ఒకటి నిలువుగా పాతాం. నిలువుగా ఉందో లేదో చూడ్డానికి దారానికి రాయి కట్టి వేలాడదీశాం, తాపీమేస్త్రీ కొడుకు నాలుగో తరగతిలో ఉన్నాడు, వాడు ఇంటినుంచి అసలు తూకం గుండే పట్టుకొచ్చాడు. పొద్దున ఎనిమిదికి, తొమ్మిదికి, పదికి, పదకొండుకి, పన్నెండుకి నీడ చివర ఒక గులకరాయి పెట్టడం, కర్ర నుంచి రాయి దాకా కొలవడం. చిన్నవాళ్లు జానలతో కొలుస్తారు, పెద్దవాళ్లు స్కేలుతో. పట్టికలో రాయాలి. ఎనిమిదికి చాలా పొడుగ్గా పడమటికి పడుకున్న నీడ పన్నెండుకల్లా కర్ర పాదం దగ్గరికి ముడుచుకుపోతుంది. మొదటి మూడు రోజులు ఊరికే ఆటలా చేశారు. వారం తర్వాత ఒక పిల్లాడు పట్టిక చూసి, "మేడమ్, పన్నెండు గంటల నీడ రోజురోజుకీ చిన్నదవుతాంది" అన్నాడు. నేను చెప్పలేదు, వాడే పట్టుకున్నాడు. "ఇట్లే పోతే ఒకరోజు అసలుండదా?" అన్నాడు.

ఉండదు. భూమధ్యరేఖకు అటూ ఇటూ, కర్కట రేఖకూ మకర రేఖకూ మధ్యన ఉన్న ఊళ్లల్లో ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా ఉన్న కర్ర నీడ దాని పాదం కిందే దాక్కుంటుంది. ఆదోని అక్షాంశానికి ఆ రోజు మే 3 ప్రాంతంలో వస్తుంది, మళ్లీ ఆగస్టు రెండో వారం దగ్గర్లో, అప్పుడు మబ్బులుంటాయి కాబట్టి నమ్మకం లేదు. సమయం కూడా సరిగ్గా పన్నెండు కాదు, మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మేం దానికి పడమర ఉన్నాం, అందుకని మాకు సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి పన్నెండూ పద్దెనిమిది అవుతుంది.

ఇదంతా పిల్లలకు చెప్పి, బోర్డు మీద మే 3 అని రాశాక, వెనకనుంచి ఒక గొంతు: "అప్పటికి బడి ఉండదు కదా మేడమ్."

అవును, ఉండదు. 2025లో ఏప్రిల్ 23 చివరి పనిదినం, మళ్లీ తెరిచేది జూన్ 12. ఆ మాట విన్నప్పుడే నాకు పచ్చ ఇంకు సంగతి బుర్రలో కదిలింది.

పచ్చ ఇంకు పిల్లలు ఎప్పుడు తిరిగొస్తారు? కోతలు అయ్యాక. కొందరు ఏప్రిల్ మధ్యలో, చాలామంది ఏప్రిల్ చివర, కొందరు మేలో. అంటే పిల్ల ఊరికి వచ్చేసరికి బడికి తాళం. జనవరి చివర్లో పోయిన పిల్ల అరవైకి పైగా పనిదినాలు పోగొట్టుకుంటుంది, చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలంటుంది, అందులో మూడోవంతు దాకా ఇక్కడే పోయింది. అంతటితో ఆగదు, తిరిగొచ్చాక ఇంకో నెల, నెలన్నర ఖాళీ. మొత్తం కలిపితే నాలుగున్నర నెలలు ఒక్క అక్షరం చూడని పిల్ల జూన్ 12న పై తరగతిలో కూర్చుంటుంది. రెండో తరగతిలో గుణింతాలు తడుముకోకుండా చదివిన పాప మూడో తరగతి జూన్‌లో "క"కి కొమ్ము పెడితే ఏమవుతుందో మర్చిపోయి నా మొహం చూస్తూ నిలబడింది. ఆ చూపు నేను మర్చిపోలేను. తను మందబుద్ధి అని దానికది అనుకుంటోంది. ఆ పిల్లకు బుద్ధి తక్కువా? మిరపచేలో ఉంది, అంతే.

నీడ కర్ర, గంట వంతు, జంట చదువు, వీటిలో ఏదీ ఈ పిల్లలకు అందదు. హాజరు పెంచండి అని నన్ను ఎంత గట్టిగా అడిగినా, నా కార్యక్రమాలు ఎంత బాగున్నా, ఆ పిల్ల నాకు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది.

సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, సమగ్ర శిక్ష పథకం కింద మా జిల్లాలో నడుపుతారు, తల్లిదండ్రులు వలస పోయిన నెలల్లో పిల్లలు ఊళ్లోనే తిని చదువుకునేలా. మంచి ఏర్పాటు, నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ ఒకటో రెండో తరగతి పిల్లను వదిలిపోవడానికి తల్లి ఒప్పుకోదు, పదేళ్లు దాటిన ఆడపిల్లను వదలడానికి తండ్రి ఒప్పుకోడు. వాళ్ల భయాన్ని నేను తప్పుపట్టను. ఊళ్లో అవ్వో తాతో ఉన్న ఇళ్ల పిల్లలు ఆగిపోతారు. అందుకే డిసెంబర్‌లో, అడ్వాన్సులు ఇవ్వకముందే, ఇంటింటికీ తిరిగి మేం మాట్లాడేది అవ్వలతోనే. "నాకు పొయ్యి ఊదే ఓపిక లేదు మేడమ్, పొద్దున జావ, మధ్యాన్నం అన్నం మీరు పెడతారు, రాత్రికి ఇంత రొట్టె నేను కాలుస్తా, పిల్లోణ్ణి ఉండనీయండి" అని ఒక అవ్వ కొడుకుతో పోట్లాడి మరీ మనవణ్ణి ఆపుకుంది. ఆ ఒక్క ఇంట్లో బడి భోజనం పనిచేసింది, అవ్వ పనిచేసింది.

చేల దగ్గర ఉన్న బళ్లో వేయొచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. వేయొచ్చు, ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాల్సిందే, టీసీ లేదని ఆపకూడదు, చట్టంలో స్పష్టంగా ఉంది. కానీ గుడారం నుంచి బడి దాకా రోడ్డు దాటి రెండు మూడు కిలోమీటర్లు, తెలిసినవాళ్లు లేరు, పది రోజులకోసారి చేను మారితే గుడారం మారుతుంది. ఒక తండ్రికి నేనే ఫోన్లో గట్టిగా చెప్పి చేర్పించాను, ఐదు రోజులు పోయాక పని ఇంకో ఊరికి మారింది.

పోయిన ఏడాది సుగ్గికి పోయే ముందు మేం చేసింది చాలా చిన్న పని. ఒక్కో పిల్లకు ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు, ఒక బొమ్మల కథల పుస్తకం. రోజుకు ఒక్క వాక్యం, లేదా ఒక్క లెక్క, ఏదైనా సరే, తేదీ వేసి రాయాలి. పద్నాలుగు పుస్తకాలు పోయాయి. తొమ్మిది తిరిగొచ్చాయి. రెండు వానకు తడిసిపోయాయట, ఒకటి పొయ్యిలోకి పోయిందట, మిగతా రెండింటి సంగతి తెలియదు.

ఆ తొమ్మిదిలో ఒకటి నా దగ్గరే ఉంది, ఇప్పుడు రాస్తుంటే బల్ల మీద పెట్టుకున్నాను. నాలుగో తరగతి పిల్లది. అట్ట మీద మిరప రంగు వేలిముద్రలు, తిప్పితే ఇప్పటికీ సన్నగా ఘాటు తగులుతుంది. మొదటి పది పేజీలు "ఈ రోజు ఎండగా ఉంది", "నాకు జొరం", "తమ్ముడు పడినాడు" ఇట్లాంటివి. పదకొండో పేజీ నుంచి లెక్కలు. నాయన 41, అమ్మ 38, నేను 12. కిలోలు. కింద గీత కొట్టి కూడింది. 91. మర్నాడు నాయన 44, అమ్మ 29, పక్కన చిన్న అక్షరాలతో "అమ్మకు కళ్లు మంట". ఇట్లా ఇరవై ఆరు పేజీలు. బళ్లో రెండంకెల కూడికలో చేతిలో మిగిలిన అంకెను పక్క వరుసకు కలిపే దగ్గర తప్పులు చేసే పిల్ల, ఆ పుస్తకంలో చివరి వారంలో ఒక్క తప్పు కూడా చేయలేదు, ఎందుకంటే ఆ లెక్క మేస్త్రీ దగ్గర డబ్బు తీసుకునేటప్పుడు నాయనకు కావాలి. అందులో "నేను 12" అన్న చోట నా కళ్లు ఆగిపోతాయి ఎప్పుడు చూసినా. తొమ్మిదేళ్ల పిల్ల రోజుకు పన్నెండు కిలోల కాయ కోసింది. ఆ పేజీకి నేను మార్కులు వేయలేదు, వేయలేకపోయాను.

ఆ ఏడాది మిర్చి ధర పడిపోయింది, గుర్తుండే ఉంటుంది, 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డు దగ్గర రైతుల గోడు, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించడం. మాకు దాని ప్రభావం ఇంకో రకంగా తగిలింది. కూలి గిట్టదని కొందరు రైతులు చివరి కోతలు తగ్గించారు, మా ఊరి వాళ్లు కొందరు ఏప్రిల్ మొదటి వారానికే వచ్చేశారు. ఆరుగురు పిల్లలు బళ్లో కనిపించారు. నా హాజరు శాతం పెరిగింది. నన్ను ఎవరైనా అభినందించి ఉంటే ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. రైతు నష్టపోయి, కూలీ పని పోగొట్టుకుని వస్తే పెరిగిన శాతం అది. హాజరు అనే అంకె వెనక బడికి సంబంధం లేని ఇన్ని సంగతులు ఉంటాయి, అందుకే ఆ అంకెను ఒక్కదాన్నే చూసి టీచర్ని గానీ తల్లిని గానీ తిట్టొద్దని నేను ఇంతగా మొత్తుకునేది. పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే పథకం డబ్బుకు 75 శాతం హాజరు నిబంధన పెట్టినా సరే, సుగ్గికి పోయే తల్లి పిల్ల బడికి రాని ఆ రోజులు ఎక్కడ గడిచాయో ఎవరికి చెప్పుకుంటుంది?

ఏప్రిల్ 23న చివరి రోజు అందరికీ ఉగ్గాని, బజ్జీ చేయించాం. అదే రోజు పదో తరగతి ఫలితాలు వచ్చాయి. మా బళ్లో ఐదు దాకా చదివిన అమ్మాయి ఒకతి మంచి మార్కులతో పాసై మిఠాయి పట్టుకుని వచ్చింది. తను కూడా చిన్నప్పుడు రెండేళ్లు సుగ్గికి పోయిన పిల్లే. "సెలవుల్లో ఏం చేస్తావమ్మా?" అంటే "ఏముంది మేడమ్, ఖాళీనే" అంది. అప్పటికప్పుడు అనుకున్నది ఇది. హెడ్మాస్టర్ గారితో, పేరెంట్స్ కమిటీతో మాట్లాడి వరండా తాళం ఆ అమ్మాయికి ఇచ్చాం. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా, ఎండ ముదరకముందే. పాఠాల్లేవు. అరవై డెబ్భై కథల పుస్తకాలున్న ట్రంకుపెట్టె, చింతగింజలు, నీడ కర్ర, మొక్కలకు నీళ్లు. సుగ్గి నుంచి వచ్చిన పిల్లలు ఎవరైనా, ఎప్పుడైనా. సెలవుల్లో జావ ఉండదు కదా, పేరెంట్స్ కమిటీ చైర్మన్ గారు బొరుగుల బస్తా ఇచ్చారు. నేను వారానికి రెండుసార్లు వెళ్లాను.

మే 3 శనివారం. నేను పదకొండింటికే చేరాను, ఆ ఎండలో ఎవరొస్తారులే అనుకుంటూ. పందొమ్మిది మంది ఉన్నారు, చెట్టు కింద. అందులో ఎనిమిది మంది పచ్చ ఇంకు పిల్లలు. ఇద్దరు ముందురోజు రాత్రే బండి దిగారు, ఇంకా మొహాలు నల్లగా కమిలి ఉన్నాయి. వాళ్లకు ఈ కర్ర ఏమిటో, రాళ్లేమిటో తెలియదు, తెలిసిన పిల్లలు వాళ్లకు చెబుతున్నారు, అచ్చం నేను చెప్పినట్టే చేతులు తిప్పుతూ. పన్నెండూ పదికి నీడ బొటనవేలంత. పన్నెండూ పదిహేనుకి వేలి గోరంత. అందరూ మోకాళ్ల మీద కూర్చున్నారు, నేల కాలిపోతోంది, గోనెసంచులు వేసుకున్నాం. పన్నెండూ పద్దెనిమిదికి కర్ర చుట్టూ ఏమీ లేదు. ఒక్క గీత కూడా లేదు. ఎవరో కేక వేశారు, ఆ తర్వాత అందరూ లేచి తమ నీడల కోసం వెతుక్కోవడం, కాళ్ల కింద చిన్న ముద్దలా ఉంటే దాన్ని తొక్కుతూ గెంతడం. ఆ నోటుపుస్తకం పిల్ల మాత్రం కదల్లేదు, కర్ర పక్కనే కూర్చుని మళ్లీ నీడ ఎటువైపు పుడుతుందో చూస్తానంది. తూర్పుకు పుట్టింది. రాసుకుంది.

జూన్ 12న వాళ్లందరూ వచ్చారు అని రాయాలని ఉంది, కానీ అందరూ రాలేదు. ఇద్దరిని బెంగళూరు పనికి వెంట తీసుకుపోయారు, వాళ్ల కోసం ఇంకా ఫోన్లు చేస్తున్నాను. వచ్చినవాళ్లలో గుణింతాలు మర్చిపోయినవాళ్లు అంతకుముందు ఏడాదికంటే తక్కువ. నా చేతిలో ఉన్న పిల్లలు తక్కువమంది కాబట్టి దీన్ని రుజువు అనను, నేను చూసింది చెబుతున్నాను. నా వరకు తేల్చుకున్నది ఏమిటంటే, మా మండలాల్లాంటి చోట్ల సెలవుల్లో రెండు గంటలైనా వరండా తెరిచి ఉంచడానికి ఒక ఏర్పాటు కావాలి, ఆ అమ్మాయిలాంటి వాళ్లకు ఎంతో కొంత గౌరవ వేతనం ఇచ్చి. పచ్చ ఇంకుకు కూడా యాప్‌లో ఒక గడి కావాలి. అడుగుతూనే ఉన్నాను.

ఈ ఏడాదీ సంక్రాంతి తర్వాత బండ్లు కదిలాయి. ఈసారి పదకొండు పుస్తకాలు ఇచ్చాను. ఆ నోటుపుస్తకం పిల్ల ఇప్పుడు ఐదో తరగతి, ఈసారి కూడా పోయింది, వాళ్ల అవ్వ పోయిన ఆషాఢంలో చనిపోయింది, ఊళ్లో ఉంచుకునేవాళ్లు లేరు. మొన్న రాత్రి వాళ్ల నాయన ఫోన్ నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. గుడారం ముందు ఒక పుల్ల పాతి ఉంది, పక్కన వరుసగా ఆరు ఎండు మిరపకాయలు, నీడ చివర గుర్తులన్నమాట. కింద వాయిస్ మెసేజ్: "మేడమ్, ఈడ కూడా నీడ పోతాదా? ఎప్పుడు?" వాళ్లున్నది నరసరావుపేట దగ్గర. మాకంటే కొంచెం ఉత్తరం, అందుకని రెండు రోజులు ఆలస్యం, లెక్క వేసి మే 5 అని చెప్పాను. కాసేపటికి ఇంకో మెసేజ్ వచ్చింది. "అట్లయితే మన బడికాడే ముందు పోతాదా. మూడో తారీకు లోపలే ఊరికి పోదామని నాయనకు చెప్తా."